పదకొండు ఇళ్ళ లైను

1990 మార్చి 22, గురువారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా మెట్ల కింద ఇంజను ఆగిపోయింది. చమురు అయిపోయి ఆగడం కాదు. చప్పుడు ఒక్కసారి పైకి లేచింది, ఇనుము మీద ఇనుము గీసినట్టు ఒక కీచు వినిపించింది, ఆ తర్వాత ఏమీ లేదు. నేను అప్పుడు ఆరో తరగతి లెక్కల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నా బల్బుతో కలిపి సందులో పదకొండు ఇళ్ళ బల్బులు ఆరిపోయాయి.

ఆ ఇంజను యజమాని పోయి చాలాకాలమైంది. ఆయన గురించి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఆయన భార్య. ఆవిడ బతికి ఉన్నంతవరకూ ఒక సంగతి ఎవరికీ చెప్పనని ఆయనకు మాట ఇచ్చాను. పోయిన నెల ఏడో తేదీన ఆవిడ కూడా కన్ను మూసింది. ఇప్పుడు రాయవచ్చు.

బెంగాల్లో, ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో మా సందులో ఆయనను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్ళందరికీ ఆయన జనరేటర్ మావ. బెంగాలీ పిల్లలకు జెనరేటర్ కాకు. నేనూ పేరు రాయను. పేరు రాస్తే ఆయనను గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారని!

ఆ రేవు డాక్‌లో ఓడల తుప్పు కొట్టే పని చేసేవాడు. ఖాళీ ఓడ పొట్టలో కూర్చుని రోజంతా సుత్తితో ఇనుప రేకును కొట్టే పని అది. రేకు వెనక ఇంకొకడు, వాడి పక్కన మరొకడు, అందరూ ఒకేసారి కొడుతుంటారు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంత అందేది. క్రేను వాడు వేసే కేక వినపడని మనిషిని ఏ కంట్రాక్టరూ ఓడ ఎక్కనివ్వడు. పని పోయినప్పుడు చేతికి వచ్చినదానితో పెళ్ళి పందిళ్ళు వేసే ఒకతని దగ్గర ఒక చిన్న జనరేటర్ కొన్నాడు. పెట్రోలుతో మొదలెట్టి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి తిప్పే రకం. టూ స్ట్రోక్ ఇంజను. అప్పట్లో దాదాపు రోజూ సాయంత్రం కరెంటు పోయేది. పోయినప్పుడల్లా ఇంటికొక నలభై క్యాండిళ్ళ బల్బు చొప్పున వెలిగించేవాడు. అదే ఆయన లైను. ఆ ఊళ్ళో ఆయనకు ఇంకే పనీ ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇంజను పెట్టుకోవడానికి మా మెట్ల కింద చోటు ఇచ్చాను. కాబట్టి ఆయనను రోజూ చూశాను.

చెవులు లేని మనిషి ఇంజను ఎలా ఉందో పళ్ళతో వినేవాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది. దాని మొనను ఇంజను ఒంటికి ఆనించి, చెక్క పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, కళ్ళు మూసుకునేవాడు. చూసేవాళ్ళకు ఇనుము నములుతున్నట్టు ఉండేది. అలా కాసేపు ఉండి, "తిండి సాలడం నేదు" అని చమురు కుళాయి కొంచెం తిప్పేవాడు. లేకపోతే తలెత్తి సందు వైపు అనుమానంగా చూసేవాడు. ఆ చూపు చూశాడంటే ఎవరో పెద్ద బల్బు పెట్టారన్నమాట.

ఒకసారి కార్పొరేషన్ చెత్తబండి తోలే ఆయన ఇంటికి నేరుగా వెళ్ళి నిలబడ్డాడు. లోపల నలుగురు కూర్చుని ఉన్నారు. తలుపు ఓరగా వేసి ఉంది.

"బాబాయ్, వందది పెట్టినావేటి?"

"నానెందుకు పెడతాను మావా! నలభైదే. నూకాలమ్మ తోడు," అని ఆయన ఎడమ చెవిలో అరిచాడు చెత్తబండి ఆయన.

"నూకాలమ్మనెందుకు లాగుతావు? ఇంజను సెప్తంది."

"నీ ఇంజను నా పేరు సెప్పినాదేటి?"

"పేరు సెప్పనేదు. పేకాట ఆడతన్నారని సెప్పినాది."

లోపలివాళ్ళు పగలబడి నవ్వారు. వంద బల్బు తీసి నలభైది పెట్టేదాకా ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు. వెళ్ళిపోతూ, "ముక్కలు కనపడకపోతే ఓడిపోతారని బయమైతే ఆడకండి" అన్నాడు.

ఆయనకు గుసగుసలాడడం చేతకాదు. తన గొంతు తనకు వినపడదు కదా. ఇంట్లో భార్యతో రహస్యంగా మాట్లాడుతున్నాననుకునేవాడు. ఆ రహస్యం సందు చివర ట్యాంకు దగ్గర నీళ్ళు పట్టేవాళ్ళకు కూడా వినపడేది. వాళ్ళింట్లో ఏ కూర వండబోతున్నారో, ఎవరి మీద కోపం వచ్చిందో మాకందరికీ తెలుసు. "మెల్లగా ఏడు, ఊరంతా ఇంటన్నాది" అని ఆవిడ ఆయన నోరు మూసేది. ఆయన తెల్లబోయి, "నాను మెల్లగానే అంటన్నాను కదే" అనేవాడు, ఇంకా గట్టిగా.

ఆవిడకు సందులో ఒక పేరు ఉండేది. చెయ్యి మంచిదని. మా వాళ్ళు కొత్త ఇనుప సామాను ఏది తెచ్చినా, రిక్షా గాని, కుట్టు మిషను గాని, టాక్సీకి కొత్త టైరు గాని, వాడేముందు పసుపు రాసి బొట్టు పెట్టించాలి. ఆ బొట్టు ఆవిడ చేత పెట్టించుకునేవాళ్ళు. పిల్లలు లేని ఆడదాని చేత ఇలాంటివి చేయించరు మామూలుగా. ఈమె విషయంలో ఎందుకో ఎవరూ అలా అనుకోలేదు. మొదట ఎవరికో కలిసొచ్చింది. ఆ తర్వాత అదే అలవాటైంది. ఎవరైనా కొత్త సామానుతో గుమ్మం ముందు నిలబడితే ఆవిడ చీర మార్చుకుని వచ్చేది.

ఇక ఆ సంవత్సరం సంగతి. మా వీధి క్లబ్బువాళ్ళు ఒక పెద్ద డీజిల్ జనరేటర్ తెచ్చారు. పక్క సందులన్నిటికీ దాని లైనే ఇచ్చారు. మా సందు ఒక్కటే మిగిలింది. క్లబ్బు సెక్రటరీ మర్యాదస్తుడు. గొడవ చెయ్యలేదు. నా దగ్గరికి వచ్చి బెంగాలీలో నెమ్మదిగా అడిగాడు. "దిదిమణి, మీరు బడిలో పాఠాలు చెప్పే మనిషి. మీరే చెప్పండి. మా దాంట్లో ఫ్యాను కూడా తిరుగుతుంది. ఒక్క మనిషి కోసం పదకొండు ఇళ్ళు ఉక్కలో ఉండాలా?" ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు.

మా వాళ్ళలో ఇలాంటివి కులపెద్ద తేలుస్తాడు. మార్చి 18, ఆదివారం నాడు అందరినీ కూర్చోబెట్టాడు. ఆ నెలలోనే ఇంజను రెండుసార్లు మధ్యలో ఆగిందని కొందరన్నారు. అది నిజమే. పెద్ద అంతా విని, "ఉగాది ముందు అమాస నాడు అమ్మోరి సంబరం. ఆ పూట దీపం ఆరకుండా నిలబెడితే లైను ఆడిదే, ఇంకెవరూ మాటాడొద్దు. ఆరితే క్లబ్బోల్లకి ఇచ్చీడమే" అన్నాడు. ఎడమ చెవిలో ఎవరో అరిచి చెప్పారు. జనరేటర్ మావ తలూపి, "దర్మమే" అన్నాడు.

సంబరం 26, సోమవారం. నేను మొదట రాసిన గురువారం దానికి నాలుగు రోజుల ముందు.

శుక్రవారం ఉదయం ఇంజను విప్పాడు. పాత పంచె పరిచి ఒక్కొక్క ముక్క దాని మీద పెట్టాడు. పిస్టన్ పక్కలు కరిగి పూసినట్టు అయ్యాయి. సిలిండర్ లోపల గోడ మీద ఆ కరిగిన లోహం గీతలు గీతలుగా అంటుకుంది. ఆ సిలిండర్‌ను అంతకు ముందే ఒకసారి తొలిపించాడు. ఇంకోసారి తొలిస్తే గోడ నిలవదు. కొత్త పిస్టన్, కొత్త సిలిండర్, రెండూ జతగా వేయవలసిందే. ఎప్పుడూ వేసిపెట్టే మెకానిక్కు దగ్గరికి వెళ్తే, పనులు చాలా ఉన్నాయి, మంగళవారం తీసుకురమ్మన్నాడు. మంగళవారానికి సంబరం అయిపోతుంది.

"నానే ఏసీస్తాను టీచరమ్మా," అన్నాడు నాతో. "రింగులు ఎన్నిసార్లు మార్సినాను! ఇదీ అంతే."

శనివారం ఇనుము కొనకూడదు కాబట్టి శుక్రవారం పొద్దు గూకకముందే వెళ్ళి పార్టుల దుకాణంలో జత కొనుక్కొచ్చాడు. డబ్బు ఎక్కడిదో నేను అడగలేదు.

శనివారం ఉదయం ఆ కొత్త పిస్టన్‌ను పళ్ళెంలో పెట్టుకుని అమ్మవారి ఘటం దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ అక్కడే ఉన్నాను. చూడడానికి బాగుంది ఆ వస్తువు. వెండి గ్లాసు బోర్లించినట్టు తళతళలాడుతోంది. భార్య పసుపులో నూనె కలిపి దాని నెత్తి మీద రాసింది. కుంకం వేలితో తీసుకుంది.

"పెద్దది ఎట్టే," అన్నాడాయన.

"దీనికి మొకమెంతున్నాదేటి, పెద్దది ఎట్టడానికి?"

"ఎట్టు. దాని మీదున్న పని పెద్దది."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. "మావా, పెళ్ళి బొట్టు ఎట్టించుతావేటి దానికి?" అని ఒకామె అంది. ఆవిడ కూడా నవ్వుతూ నెత్తి అంతా నిండేలా పెట్టింది. పసుపు నూనె మీద కుంకం చిక్కగా, రొట్టె మీద బెల్లప్పాకంలా అంటుకుంది.

మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని బిగించడం మొదలుపెట్టాడు. నేను మూడో మెట్టు మీద కూర్చున్నాను. రింగులు రెండూ పిస్టన్ గాడుల్లోకి ఎక్కించాడు. ఒక్కొక్క గాడిలో ఒక చిన్న మేకులాంటిది ఉంటుంది, రింగు కొసలు రెండూ దానికి అటూ ఇటూ కూర్చోవాలి. అవి కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి కూడా పీల్చలేదు. మొబిల్ నూనె చూపుడు వేలితో చుట్టూ రాశాడు. కుంకం జోలికి మాత్రం పోలేదు.

"అది తుడవవా?" అని ఆయన చెవిలో అరిచాను.

"అమ్మోరి బొట్టు తుడిసీసి లోపలెడతానేటి? లోపల అదే కాలిపోద్ది, పర్నేదు."

పిస్టన్‌ను చేతిలో ఇటూ అటూ తిప్పుతున్నాడు. మాటవరసకు అడిగాను, దానికి ముందూ వెనకా ఏమీ ఉండదా అని.

"గుండ్రంగా ఉన్నదానికి ముందేటి, ఎనకేటి టీచరమ్మా!" అని పెద్దగా నవ్వాడు. పంచె మీద పాత పిస్టన్ ఉంది. దాని నెత్తి మసి గడ్డకట్టి నల్లగా ఉంది. దాని మీద చూసుకోవడానికి ఏ గుర్తూ లేదు.

పిన్ను దూర్చి, అది జారిపోకుండా రెండు కొసలా తీగ తాళాలు వేసి, రెండు బొటనవేళ్ళ గోళ్ళతో రింగులు నొక్కిపట్టి, సిలిండర్‌ను మీద నుంచి దించాడు. ఎక్కడా బలవంతం చెయ్యలేదు. అది దానంతట అదే జారి కూర్చుంది. అప్పుడు ఆయన ముఖం చూడాలి. బోల్టులు ఒక్కొక్కటి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చాడు. తాడు చుట్టి లాగితే మూడో లాగుడుకి అందుకుంది.

కొత్త పిస్టన్ సిలిండర్ గోడతో అలవాటు పడేదాకా బరువు పెట్టకూడదట. మొబిల్ ఎక్కువ కలిపి, గంటలకొద్దీ నిదానంగా తిప్పాలి. కనుక శనివారం, ఆదివారం కరెంటు పోయినా ఆయన ఎవరికీ దీపం ఇవ్వలేదు. మెట్ల కింద ఒక్క బల్బు వెలిగించి, దాని పక్కన కూర్చున్నాడు. సందు చీకట్లో ఉంది. పోయేవాళ్ళు ఊరుకుంటారా! ఆయన ఎడమ చెవి దగ్గర వంగి మరీ అరిచేవాళ్ళు.

"ఏటి మావా, నీ ఇంజను ఉపాసముందేటి?"

"సంబరం నాడు తింటాది. అప్పుడు సూడు."

"క్లబ్బోడి ఇంజను పుట్టిన రోజే లడ్డూలు తిన్నాది."

"అది దున్నపోతు. ఇది ఆడపిల్ల."

ఆదివారం సాయంత్రం స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత పిడి తుడిచి నా చేతికిచ్చాడు, నన్నూ వినమని. నా పళ్ళకు చెక్క ఆనించుకోవడానికి మనసొప్పలేదు, చెవికి ఆనించుకున్నాను. ఇంజను మామూలు చప్పుడులో సన్నగా టిక్కు టిక్కుమని ఇంకొకటి వినిపించింది.

"అదేమిటి?" అని అరిచాను.

"కొత్త కోడలు గాజులు," అన్నాడు. "నాలుగు రోజులు పోతే ఇనపడదు."

సోమవారం సాయంత్రం ఏడు దాటాక కరెంటు పోయింది. ఆయన తాడు లాగాడు. పదకొండు బల్బులు, ఘటం పందిరికి కట్టిన చిన్న బల్బుల దండ, అన్నీ ఒక్కసారి వెలిగాయి. డప్పులు మొదలయ్యాయి. అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళ వరసలో ఆయన భార్య ముందు నడిచింది. ఆయన మెట్ల కింద నుంచి కదలలేదు. డప్పులు వినపడవు, ఊరేగింపు అక్కడికి కనపడదు. వెలుగు మాత్రం కనపడేది. సందు గోడ మీద వెలుగు చూస్తూ కూర్చున్నాడు. నేను రెండుసార్లు కిందికి దిగి చూశాను. రెండోసారి నన్ను చూసి చెయ్యి ఎత్తి, బొటనవేలు చూపించాడు.

నలభై నిమిషాలు నిలిచింది. ఏడు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు లోపల ఏదో ఫటేల్మంది. తర్వాత ఒరుసుకుపోయే చప్పుడు. తర్వాత చీకటి.

క్లబ్బు కుర్రవాళ్ళు మధ్యాహ్నమే మా సందు లైనుకు కలపడానికి గోడ వెంబడి తమ వైరు వేసి ఉంచారు. ఎందుకైనా మంచిదని సెక్రటరీ నాతో చెప్పే వేశారు. అవతల పెద్ద ఇంజను దడదడలాడింది. అయిదు నిమిషాలలోపే దీపాలు వచ్చాయి, ముందుకంటే తెల్లగా. వెలుగు రాగానే సందులో పిల్లా పెద్దా అందరూ ఓ అని అరిచారు. చీకట్లో ఉన్నవాళ్ళకు దీపం వస్తే ఎవరైనా అరుస్తారు. ఆయన భార్య ఘటంతో కదలకుండా నిలబడిపోయింది. మెట్ల కింద ఆయన పక్కనున్న బల్బు కూడా వెలిగింది, వాళ్ళ కరెంటుతోనే. ఆయన దాన్ని చూశాడు. లేచి, బల్బు విప్పి, జేబులో వేసుకున్నాడు.

సంబరం అయ్యాక పెద్ద వచ్చాడు. "ఏటీ అనుకోకు మావా" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన తలూపాడు. వినపడిందో లేదో తెలియదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

మంగళవారం ఉదయం ఇంజను విప్పి, విరిగిన ముక్కలు గుడ్డలో కట్టుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. ఆ మెకానిక్కు మంగళవారమే రమ్మన్నాడు కదా. తిరిగి వచ్చి నన్ను మెట్ల కిందికి పిలిచాడు. గుడ్డ విప్పి పిస్టన్ చూపించాడు. రింగు ఒకటి మూడు ముక్కలైంది. పక్కలు చీరుకుపోయాయి. నెత్తి మీద కుంకం కాలిపోయి, తుడిస్తే శుభ్రంగా ఉంది. అక్కడ అచ్చు పోసిన చిన్న బాణం గుర్తు ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టాడు. తర్వాత ఇంజను వైపు, పొగ గొట్టం వైపు చూపించాడు. మళ్ళీ బాణం మీద వేలు పెట్టి, దానికి సరిగ్గా ఎదుటి వైపు చూపించాడు. నేను నోరు తెరవబోతే తన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆయన నోరు విప్పితే సందంతా వింటుందని అప్పటికి ఆయనకు తెలుసు.

ఆ సాయంత్రం కరెంటు పోయేదాకా ఆగాడు. క్లబ్బు డీజిల్ ఇంజను మొదలై ఆ దడదడలో ఎవరి మాటా ఎవరికీ వినపడని వేళ మా ఇంటికి వచ్చి, తలుపు వేసి, గొంతెత్తి చెప్పాడు.

బాణం పొగ గొట్టం వైపు ఉండాలట. అలా ఉంటే రింగు కొసలు గోడ నునుపు మీద నడుస్తాయి. తిరగబడితే కొసలు పొగ పోయే కన్నం మీదికి వస్తాయి. వచ్చిన ప్రతిసారీ కాస్త బయటికి పొడుచుకుని కన్నం అంచుకు తగులుతాయి. మేము విన్న టిక్కు అదే. బరువు పడేసరికి విరిగింది. మెకానిక్కులు బాణం చూసే వేస్తారు. ఆయన రింగులు మార్చాడే గాని, పిస్టన్ ఎప్పుడూ విప్పి వేయలేదు. బాణం ఉంటుందనే తెలియదు. కొన్నప్పుడు గమనించలేదు, బిగించేటప్పుడు కనపడి ఉంటే అడిగేవాడు. కుంకం కింద కనపడలేదు.

"దానికి సెప్పకండి టీచరమ్మా," అన్నాడు.

"ఆవిడ తప్పేముంది? పెద్దది పెట్టమన్నది నువ్వు."

"ఆ మాట దానికి అక్కర్నేదు. తెలిస్తే ఇంక ఎవులికీ బొట్టెట్టదు. అమ్మోరి ముందుకి రాదు. మాకు పిల్లా జెల్లా నేరు. నలుగురు గుమ్మంలోకి వొచ్చి పిలిసీది ఆ సేతి కోసమే. నా లైను పోనాది. దానిదీ తీసీమంటారేటి?"

"మరి అడిగితే ఏం చెప్తావు?"

"దొంగ సరుకు కొన్నానంటాను. ఎదవనని నవ్వుతారు. నవ్వనీండి."

"ఆ దుకాణదారు పేరు చెడుతుంది కదా."

"పెద్ద కొట్టు," అన్నాడు. "నాలాటోల్లు పది మంది ఎల్లకపోతే ఆడేటీ మూసుకోడు."

నాకు అది సరైన సమాధానం అనిపించలేదు. అయినా మాట ఇచ్చాను.

ఆయన అనుకున్నట్టే నవ్వారు. "సెవుల్నేవు సరే, కల్లైనా నేవా మావా, నకిలీ సరుకు తెలీదా?" అన్నారు. ఆయన భార్య ఆ దుకాణం ముందు నిలబడి మట్టి తీసి పోసి వచ్చింది. ఆ తర్వాత మా వాళ్ళెవరూ అక్కడ ఏమీ కొనలేదు.

ఇంజను తుక్కు కొనేవాడికి తూకానికి ఇచ్చేశాడు. పాత కంట్రాక్టరు దగ్గరికి వెళ్తే చెవుల మాట ఎత్తి పంపేశాడు. అయిదు నెలలు అక్కడా ఇక్కడా తిరిగాడు. ఆ అయిదు నెలల్లో నేను గమనించిన ఒక పని రాయాలి. ఆటో నడిపేవాళ్ళు ఎవరైనా కొత్త పిస్టన్ బొట్టు కోసం తెస్తే, భార్య చీర మార్చుకుని వచ్చేలోపు దాన్ని తన చేతిలోకి తీసుకునేవాడు. బాణం చూసుకుని, అదే వైపు లోపలి అంచున మేకుతో ఒక గీత గీసేవాడు. తర్వాత ఇచ్చి, "ఈ గీత పొగ గొట్టం ఏపు ఉండాల" అనేవాడు. బొట్టు ఎంత పెద్దది పెట్టినా లోపలి గీత మాసిపోదు. ఎందుకని అడిగితే, "ఊరికే, గుర్తు" అనేవాడు. నేను చూసినంతలో నాలుగు పిస్టన్లకు అలా గీశాడు. ఒకటీ విరగలేదు. ఆవిడ చెయ్యి మంచిదన్న పేరు అలాగే ఉండిపోయింది.

తర్వాత నది దాటి షాలిమార్ దగ్గర ఒక సిమెంటు గిడ్డంగిలో మూటలు మోసే పని దొరికింది. అక్కడ చెవులతో పని లేదు. గది కూడా అక్కడే తీసుకున్నారు. ఏటా సంబరానికి ఇద్దరూ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఇంకొంచెం తగ్గి కనపడేవాడు. కనుబొమ్మల్లో సిమెంటు ఉండేది, కడిగినా పోయేది కాదు. దగ్గు వస్తే మాట మధ్యలో ఆగిపోయేది. ఆయన గొంతు చిన్నదవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. 1994 సంబరానికి వచ్చి మెట్టు మీద కూర్చుని, "ఇప్పుడు మెల్లగా మాటాడతన్నాను కదా టీచరమ్మా?" అని అడిగాడు. అవునన్నాను. సంతోషించాడు.

ఆ సంవత్సరం ఆగస్టులో పోయాడు. నేను వెళ్ళాను. ఆవిడ శవం దగ్గర కూర్చుని, "సెడ్డ సరుకు అమ్మి నా మావని సంపీసినాడు, ఆడి సెయ్యి పడిపోను" అని ఆ దుకాణదారును తిడుతూనే ఉంది. నేను పక్కనే కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. మాట ఇచ్చాను కాబట్టి.

ఒక లెక్క ఎన్నోసార్లు వేసుకున్నాను. 1990 తర్వాత మా వైపు కరెంటు పోవడం తగ్గుతూ వచ్చింది. క్లబ్బువాళ్ళ డీజిల్ ఇంజను కూడా మూలపడింది, చివరికి అమ్మేశారు. కాబట్టి సంబరం నాడు దీపం నిలిచినా ఆయన లైను ఎల్లకాలం ఉండేది కాదు. మహా అయితే మూడేళ్ళు, నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళు సిమెంటు పీల్చకుండా ఉండేవాడు. అంతకు మించి ఆ లెక్కలో ఏమీ తేలదు.

పోయినవి ఇవి: ఒక పిస్టన్, ఒక సిలిండర్, రెండు రింగులు. ఒక ఇంజను. పదకొండు ఇళ్ళ లైను. ఏక్‌బాల్‌పూర్‌లో ఇరవై రెండేళ్ళ కాపురం. ఆయన. పోయిన నెల ఆవిడ. ఇంకా, పార్టులు అమ్మిన దుకాణదారు పేరు. అతను అమ్మింది అసలు సరుకే.